ఆరున్నొక్కటి

మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల రూపాయలు ఉన్నాయి. అందులో పన్నెండు వేలు మా చెల్లి సత్యశ్రీవి. డిగ్రీ చదువుతూ, ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి. వాటితో పది లైఫ్ జాకెట్లు, రెండు టార్చిలైట్లు కొని, ఫోన్లో ఒక పేజీ తెరిచాం. పడవ మాత్రం సత్తియ్య తాతది.

రేవు నుంచి గోదారి మధ్యలోని జైలు లంకకి పడవలో ఇరవై రెండు నిమిషాలు. లంక మధ్యలో కోట. ఒలందావాళ్ళు, అదే డచ్చివాళ్ళు, సరుకు దాచుకోడానికి కట్టారట. తర్వాత ఇంగ్లీషువాళ్ళు దాన్ని జైలు చేశారు. ఇప్పుడు పైకప్పు లేని గోడలు, రేగుపొదలు, గబ్బిలాలు. కిందున్న ఒక్క గది మాత్రం చెక్కుచెదరలేదు. పదకొండు మెట్లు దిగాలి. లోపల ఒక గోడకి వరుసగా ఎనిమిది ఇనుప కొక్కేలు. పైన అరచేయంత కిటికీ. ఆ గది చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు.

లెక్క నాది, కథ చెల్లిది. బేరం అలా కుదిరింది మా ఇద్దరికీ. ఎంతమంది ఎక్కారు, ఎంత డీజిలు, తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు, ఇవన్నీ నోటిమీద చెప్పేసేవాణ్ణి. సత్యశ్రీ హిస్టరీ విద్యార్థి. ఆ మెట్ల మీద నిలబడి అది కథ మొదలుపెడితే, సెల్ఫీలు తీసుకునేవాళ్ళు కూడా ఫోన్లు దించేసేవాళ్ళు.

పడవ ఇచ్చేముందు తాత ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"కోటలో మనుషుల్ని లెక్కపెడితే నాలాగ లెక్కపెట్టు బాబూ. ఆ అంకె మాత్రం నోటంట రానీకు."

తాతది ధాన్యం కొలిచేవాళ్ళ లెక్క. ముందు తన గుండె మీద చెయ్యి వేసుకుని 'లాభం' అంటాడు. అది ఒకటి. తర్వాత నా వైపు చూసి రెండు. అలా ఆరు దాకా వచ్చాక 'ఆరున్నొక్కటి' అంటాడు. ఆ తర్వాత ఎనిమిది. ఏడు అన్న మాట ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

"తాతా, ఆరున్నొక్కటి రెళ్ళు ఎంత?" అని ఏడిపించేవాణ్ణి.

"పద్నాలుగు. ఆమాత్రం రాదేంటి నీకు?" అనేవాడు నవ్వకుండా.

సత్యశ్రీ పడీ పడీ నవ్వేది. అది నవ్వితే పడవ అంచు పట్టుకుని ముందుకి వంగిపోయేది. పడిపోతుందేమోనని నా చెయ్యి దానంతటదే దాని లైఫ్ జాకెట్ మీదకి వెళ్ళేది.

డిసెంబరు రెండో శనివారం కాకినాడ నుంచి ఆరుగురు టీచర్లు వచ్చారు. అందరూ ఆడవాళ్ళే. వాళ్ళలో పెద్దావిడ సంపూర్ణమ్మ టీచరు గారు. పడవ ఎక్కుతూనే "ఏం తమ్ముడూ, దెయ్యం గ్యారంటీయేనా? లేకపోతే డబ్బులు వాపసు ఇవ్వాలి మరి" అన్నారు. అమ్మ చేసిచ్చిన ఇడ్లీలూ అల్లం చట్నీ పడవలోనే తినేశారు.

ఆ పొద్దున మంచు బాగా పట్టింది. రేవు దాటిన రెండు నిమిషాలకే వెనకనున్న ఒడ్డు లేదు. ముందున్న లంకా లేదు. నీళ్ళ మీద తెల్లగా, ఎక్కడో తగలబెట్టిన వరిగడ్డి పొగ వాసనతో, చెవుల్లో దూది పెట్టినట్టు ఉంది. ఇంజన్ చప్పుడు కూడా మనది కానట్టు దూరంగా వినిపించింది. తాత కళ్ళతో కాదు, ముక్కుతో నడిపాడు పడవని. లంక దగ్గరపడుతుంటే ఆ పొగ వాసన పోయి తడి సున్నం, గబ్బిలాల వాసన వచ్చింది.

ఎనిమిదింబావుకి కిందగదిలో ఉన్నాం.

ఆ గదిలో చీకటి రాత్రి చీకటిలా ఉండదు. బయట పగలు ఉందని తెలిసీ, అది ఇక్కడికి రాదని కూడా తెలుస్తుంది. కిటికీలోంచి మంచు కొంచెం కొంచెం లోపలికి దిగుతోంది. గోడలు చెమర్చి ఉన్నాయి. సత్యశ్రీ టార్చి నేల మీద పెట్టి, ఆరుగురినీ ఒక్కొక్క కొక్కెం కింద నిలబెట్టి, కథ మొదలుపెట్టింది.

"ఇక్కడి జైలరుకి తెలుగులో అంకెలు తప్ప ఒక్క మాట రాదండీ. దీపాలవేళ వచ్చి, ఒక్కొక్కళ్ళనీ వేలితో చూపిస్తూ ఎనిమిది దాకా లెక్కపెట్టేవాడు. ఈ గదిలో కన్నీళ్ళు పెట్టుకోకూడదు. పెట్టుకుంటే కొరడా దెబ్బలు. ఒకడు మొదలుపెడితే గదంతా అందుకుంటుందని వాళ్ళ భయం."

అది మిగిలిన రెండు ఖాళీ కొక్కేల్లో మొదటిదాని దగ్గరికి నడిచింది. ఆరుగురి తర్వాతది.

"ఇక్కడ ఉప్పు వండుకున్న నేరానికి తెచ్చిన మనిషి ఉండేవాడు. పేరు ఎక్కడా రాయలేదు. ఒకరోజు పొద్దున్న ఆ కిటికీలోంచి అవతలి ఒడ్డున పొగ కనిపించింది. పడవవాడు కబురు తెచ్చాడు. ఆ పొగ అతని తొమ్మిదేళ్ళ కూతురి చితిదని."

టీచర్లందరూ తలెత్తి ఆ కిటికీ వైపు చూశారు.

"రోజంతా పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. దీపాలవేళ జైలరు వచ్చాడు. నాలుగు, ఐదు, ఆరు... తర్వాత వేలు ఇతని మీద పెట్టి ఆ అంకె అన్నాడు. అదేమిటో మీకు తెలుసు కదండీ. దొరే చెప్పాడు కదా అని ఆ మనిషి ఏడ్చాడు. ఎనిమిది అనగానే ఆపేశాడు. బతికినన్నాళ్ళూ అంతే. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసేవాడు."

ఇక్కడ రోజూ నేను లెక్కపెట్టాలి. జైలరు వేషం నాది. ఆరు దాకా వచ్చి, 'ఆరున్నొక్కటి' అని ఆపితే జనం తేలిగ్గా నవ్వి బయటికి నడిచేవాళ్ళు.

ఆ రోజు వీడియో తీస్తున్న చిన్న టీచరు ఆశాజ్యోతి అడ్డం పడింది.

"ఆరున్నొక్కటి ఏంటండీ? కథంతా ఆ మాట మీదే ఉంటే! అసలు అంకె అనండి, వీడియోకి బావుంటుంది."

నేను సత్యశ్రీ వైపు చూశాను. అది భుజాలెగరేసి, కళ్ళతోనే 'కానీ' అంది. ఆ వీడియో ఎంతమంది చూస్తారు, అందులో వందకి ఒకరు వచ్చినా ఎన్ని పడవలు నిండుతాయి... నా బుర్ర ఆ లెక్కలో ఉంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..."

వేలు మా చెల్లి మీద పెట్టాను.

"ఏడు."

అక్కడితో ఆపేశాను. ఇంకెవరూ లేరు కదా.

సత్యశ్రీ కళ్ళలోంచి నీళ్ళు జారాయి. మొహంలో ఏ కదలికా లేదు. నీళ్ళు మాత్రం ధారగా...

"అబ్బో! ఆరున్నొక్క రాగం అందుకుందండోయ్" అన్నారు సంపూర్ణమ్మ గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"చాలు శ్రీ" అన్నాను నవ్వుతూ.

ఆగలేదు. దాని పెదవులు తెరుచుకున్నాయి. లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. సన్నగా, బిగబట్టి, చాలా కాలం మూతేసి ఉంచినట్టు. అది మా చెల్లి గొంతు కాదు. మగ గొంతు.

చప్పట్లు ఆగిపోయాయి.

సంపూర్ణమ్మ గారు దాన్ని దగ్గరికి లాక్కున్నారు. "ఓ ప్రభువా... ఒళ్ళు రాయిలా ఉంది తమ్ముడూ! ఏదో ఒకటి చెయ్యి!"

ఏం చెయ్యాలో అప్పుడు తట్టింది. కథలోనే ఉంది కదా. చెయ్యి చాచాను. వేలు ఎటు చూపిస్తోందో చూసుకోలేదు. చివరి కొక్కెం వైపు, టార్చి వెలుతురు అందని మూల వైపు...

"ఎనిమిది!"

టక్కున ఆగింది.

సత్యశ్రీ తల తిప్పి నా వైపు చూసింది. తర్వాత ఆ మూల వైపు. మళ్ళీ నా వైపు.

"అన్నయ్యా" అంది, వినీ వినపడనట్టు. "ఎవర్ని లెక్కపెట్టావు?"

ఎవరో ముందు పరిగెత్తారు. వెనకాల అందరం. మెట్ల మీద తోసుకుంటూ, మంచులోకి, పడవ వైపు. నా ముందు మనుషులున్నారు, వెనక మనుషులున్నారు. శాలువాలు కప్పుకున్న తెల్లటి ఆకారాలు. పడవలో కూర్చున్నాక తాత గుండె మీద చెయ్యి వేసుకుని "లాభం" అని మొదలుపెట్టబోయాడు.

"నేను చూశాను తాతా. ఏడుగురూ ఉన్నారు. తియ్యి!"

నిజంగానే లెక్కపెట్టాను. ముందు బల్ల మీద ముగ్గురు, మధ్య బల్ల మీద ముగ్గురు, వెనక బల్ల మీద తల వంచుకుని ఒకరు. ఏడు. లెక్క సరిపోయింది. అందుకే నేను మళ్ళీ వెనక్కి చూడలేదు.

తాత మాత్రం ఆ మాట నా నోట విని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఇంజన్ తాడు లాగాడు.

తొమ్మిది నిమిషాలు వచ్చాం. సగానికి ఇంకా రెండు తక్కువ. నా ఫోన్ మోగింది. తెర మీద సత్యశ్రీ పేరు. వెనక బల్ల మీద కూర్చుని నాకు ఫోన్ చెయ్యడమేంటని నవ్వుతూనే ఎత్తాను.

"అన్నయ్యా... ఎక్కడున్నారు?" ఎగశ్వాస. దాని వెనక బోలుగా గోడల ప్రతిధ్వని. "కాలు రావట్లేదు అన్నయ్యా. కొక్కెం దగ్గర్నుంచి కాలు రావట్లేదు. అందరూ వెళ్ళిపోయారా?"

నేను వెనక్కి తిరిగాను.

వెనక బల్ల ఖాళీగా ఉంది. ఒకరు కూర్చున్నంత మేర చెక్క తడిసి ఉంది. ఎందుకు చేశానో తెలీదు, వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. ఆ వేళకి సముద్రం పోటు లేదు. గోదారి నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

పడవ తిప్పించాను. ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. "వచ్చేస్తున్నా శ్రీ. తొమ్మిది నిమిషాలు. ఎనిమిది. ఇంకా..." నా నోరు ఆగిపోయింది. తర్వాతి అంకె అనలేకపోయాను. అవతల అది అడుగుతూనే ఉంది, "ఎన్ని అన్నయ్యా? ఎన్ని నిమిషాలు?"

తర్వాత ఫోన్లో గోడల చప్పుడు మాత్రమే మిగిలింది.

మేం వెళ్ళేసరికి కిందగదిలో దాని ఫోన్ ఉంది. ఇంకా వెలుగుతూ. చెప్పులు ఆ కొక్కెం కింద పక్కపక్కనే ఉన్నాయి. అది లేదు.

పోలీసులు వచ్చారు. గజ ఈతగాళ్ళు నాలుగు రోజులు వెతికారు. మంచులో కాలు జారి నీళ్ళలో పడి ఉంటుందని రాసుకున్నారు. చెప్పుల సంగతీ, ఫోన్ సంగతీ అడిగితే, "కంగార్లో అలాంటివి జరుగుతాయి" అన్నారు.

రేవులో టీ కొట్టు పాపాయి నాతో ఒక మాట చెప్పింది. ఎవరితోనూ అనొద్దని చేతిలో చెయ్యి వేయించుకుని చెప్పింది. ఆ పొద్దున్న మా పడవ తిరిగి రాకముందే, మంచులోంచి ఒక మనిషి గట్టెక్కి వచ్చాడట. బట్టలు పొడిగా ఉన్నాయట. మొహం మాత్రం తడిగా ఉందట.

"చితి ఏ పక్కన పెట్టారమ్మా అని అడిగాడు బాబూ. ఇక్కడ చితేంటి, ఈ రేవులో ఎప్పుడూ పెట్టరు అన్నాను. నిన్న కూడా పొగ వచ్చిందే అన్నాడు. మళ్ళీ మంచులోకే నడిచిపోయాడు, నేల మీద వెతుక్కుంటా..."

నేను ఆ రాత్రంతా లెక్క వేశాను. నాకు వచ్చింది అదొక్కటే. ఏడో చోట ఉన్నవాడి ముందు నేను మా చెల్లిని పెట్టాను. వాడు ఒక స్థానం వెనక్కి జరిగాడు. ఎనిమిది అనిపించుకున్నాడు. జైలరు లెక్క అక్కడితో సరి. ఎనిమిది అన్నాక సెలవు. వాడు వెళ్ళిపోయాడు. ఏడు అనిపించుకున్నది అక్కడ ఉండిపోయింది.

పదో రోజు తాతని బతిమాలి ఒక్కణ్ణే కిందగదికి దిగాను. ఖాళీ కొక్కేల ముందు నిలబడి లెక్కపెట్టాను. ఆరు దాకా ఏమీ లేదు. ఆ తర్వాతి అంకె అనగానే...

ఈసారి మగ గొంతు కాదు. చిన్నప్పుడు చెరకు గెడ అరచేతిలో గీసుకున్నప్పుడు ఎలా ఏడ్చిందో, అలాగే. మధ్యమధ్యలో ముక్కు పీలుస్తూ. నేను గోడకి మొహం ఆనించి, "నన్ను చూస్తున్నావా శ్రీ?" అన్నాను. ఏడుపు మాత్రమే. వినలేక, ఎనిమిది అనేశాను. ఆగింది. ఆగాక ఆ గదిలో ఏమీ లేకపోవడం అంతకంటే భరించలేకపోయాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆ రోజు అలా ఎన్నిసార్లు చేశానో... నాకే లెక్క తప్పింది.

ఇంట్లో అమ్మ ఏడవలేదు. నాన్న పోయాక మేం ముగ్గురమే. ఒళ్ళు దొరక్కుండా కర్మలు ఎలా అని చుట్టాలు గుసగుసలాడుతుంటే, అమ్మ నా పక్కన వచ్చి కూర్చునేది.

"ఒరే, ఉందనుకోనా, లేదనుకోనా? ఏదో ఒకటి చెప్పరా. ఏడవమంటావా, ఆగమంటావా?"

నేను ఏం చెప్పను? ఏడవమని చెప్పాలంటే ఆ మాటే అనాలి కదా.

నలభయ్యో రోజుకి నా లెక్క తేలింది. దాని ముందు ఇంకొకరు నిలబడాలి. అంతే. నేను ఏడో చోట నిలబడితే సత్యశ్రీ ఎనిమిది అవుతుంది. ఎనిమిది అన్నాక సెలవు.

చిక్కు ఒక్కటే. వరుసలో నిలబడ్డవాడు జైలరు కాలేడు. నేను లోపల నిలబడితే లెక్క ఎవరు పెడతారు? తాత ఆ అంకె నోటంట రానివ్వడు. అందుకని రాత్రి గది తలుపేసుకుని ఫోన్లో నా గొంతు రికార్డు చేశాను. తొందరపడకుండా, ఒక్కో అంకెకీ ఒక ఊపిరి వదిలి. ఐదు... ఆరు... ఏడు...

తలుపు అవతల ధబ్బున చప్పుడైంది.

తీసి చూస్తే అమ్మ గడప దగ్గర కూలబడి ఉంది. నలభై రోజులుగా బిగబట్టింది, ఒక్కసారి తెగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడుస్తోంది. నేను చెప్పాననుకుంది. చివరికి నేను చెప్పానని...

"కాదమ్మా, అది అంకె... అంకె అమ్మా!"

వినిపించుకోలేదు. దాని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తూనే ఉంది. నాకు ఇంకేం తోచక, పిచ్చివాడిలా "ఎనిమిది" అన్నాను. మళ్ళీ అన్నాను. అమ్మ ఆగలేదు. ఎందుకాగుతుంది? ఆవిడేమన్నా ఆ గదిలో ఉందా?

ఈరోజు నలభై ఒకటో రోజు. సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరాం. మంచు లేదు. ఒడ్డున వరికుప్పలు, నూర్పుళ్ళ దుమ్ము, నీళ్ళ మీద ఎండ, అన్నీ మామూలుగా ఉన్నాయి. లంకలో దిగేటప్పుడు తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. మీ అమ్మకి ఒక్కడివే ఉన్నావు."

"ఇద్దరిలో ఒకరు మిగలాలి కదా తాతా. ఇప్పుడూ ఒకరే, అప్పుడూ ఒకరే. లెక్కలో తేడా ఏం లేదు."

"లెక్క కాదు బాబూ అది..." అన్నాడు. నేను మణికట్టు విడిపించుకున్నాను.

"పైకి ఎవరొచ్చినా ఎక్కించుకుని వెళ్ళిపో. లెక్కపెట్టకు."

కోటలోకి ఒక్కణ్ణే నడిచాను. రేగుపొదల్లో పిట్టలు గోల చేస్తున్నాయి. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆ గోల వెనకే ఆగిపోయింది. పది మెట్లు దిగాను. పదకొండో మెట్టు మీద నిలబడి ఫోన్ తీశాను. వేలు తెర మీద పెట్టబోయి ఆగాను.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

"ఒకటి..."

ఫోన్ వంక చూశాను. నేనింకా నొక్కలేదు. తెర నల్లగా ఉంది.

"రెండు..."

ఆ గొంతు నాది. రాత్రి రికార్డు చేసింది కాదు. ఆ శనివారం గొంతు. హుషారుగా, వీడియో ఎంతమంది చూస్తారో లెక్క వేసుకుంటూ, కొంచెం నవ్వుతూ...

"మూడు... నాలుగు..."

మెట్టు నుంచి ఆ కొక్కేనికి ఆరు అడుగులు. చీకట్లో ఎవరో ముక్కు పీల్చారు. ఎవరో నాకు చోటిస్తున్నట్టు, నేల మీద కాళ్ళు జరిగిన చప్పుడు.

"ఐదు..."

చెప్పులు విప్పి మెట్టు మీద పక్కపక్కన పెట్టాను. ఇంకో అంకె దాటేలోపు నేను వరుసలో ఉండాలి.